కడిగినవాళ్ళ గిన్నె

తమాజ్ తోటలో ద్రాక్ష వరుసలు ఏడే.
ఎనిమిదోది అన్న వాటాకి పోయింది,
కంచె అవతలినుంచి అది ఇప్పటికీ ఇటే పాకుతుంది.
కోతలకి పది రోజుల ముందు కబురొస్తుంది నాకు:
“మక్వలా, బాన ఖాళీ అయింది.”

భూమిలో మెడదాకా పాతిన బాన.
మనిషి భుజాలమీద ఇంకో పిల్లాడు నిలబడేంత లోతు,
మూతి మాత్రం చాటంత.
ముప్పై ఒక్క ఏళ్ళు నేనే దిగాను అందులోకి
చెర్రీ బెరడు కుంచెతో, ముంతతో, ఒక కొవ్వొత్తితో.
కొవ్వొత్తి కొండెక్కితే వెంటనే పైకి రమ్మని మా అత్త నేర్పింది.
కొవ్వొత్తి ఎన్నడూ కొండెక్కలేదు గాని
నా నడుమే లావెక్కింది.
కిందటేడు మూతి దగ్గర ఇరుక్కున్నాను
సీసాకి బిరడాలాగ.
నవ్వాపుకుంటూ తమాజ్,
ఆపుకోకుండా వాళ్ళావిడ.

అందుకని ఈసారి పక్కింటి షియోని దింపాం.
పదకొండేళ్ళవాడు, చేపపిల్లలా జారిపోయాడు.
“అడుగు రుద్దు, గోడలు రుద్దు, మళ్ళీ అడుగు రుద్దు.
బాన నీకు చుట్టం కాదు, మొహమాటపడకు”
అని పైనుంచి నేను.
కాసేపటికి లోపలినుంచి పాట.
పాట కూడా కాదు, ఊరికే ఓ… ఓ… అని.
ఎవరికీ చెప్పలేదు గాని
నేనూ పాడేదాన్ని అక్కడ.

ఏడో కడుగు నీళ్ళు ముంతలో అందించాడు.
తాగి చూడాలి, అదే పరీక్ష.
నీళ్ళకి నీళ్ళ రుచి తప్ప మరేదీ ఉండకూడదు.
తాగాను. పోయినేటి పులుపు కొంచెం తగిలింది.
“మళ్ళీ కడుగు.”
వాడు గొణిగిన తిట్టుని
బాన రెండింతలు చేసి పైకి చేరవేసింది.

తర్వాత ద్రాక్ష, తొక్కలు, గింజలు, నురగ,
రాతి మూత, దానిమీద తడి బంకమన్ను,
ఆ మన్ను మీద ఒక చలికాలమంతా మంచు.

ఏప్రిల్లో మూత తీశారు.
మొదటి గిన్నె కడిగినవాళ్ళకి, ఇక్కడి మర్యాద అది.
రాజధానినుంచి ఇద్దరొచ్చారు ఆవేళ, కొనేవాళ్ళు.

సపెరావి.
రంగులద్దేది, అని అర్థం మా భాషలో.
గిన్నె అడుగు కనిపించని నలుపు.
వంచితే అంచున ఎరుపు ఒకసారి తొంగిచూసి
మళ్ళీ లోపలికి పోయింది.
నాలుక మీద పడగానే ఏమీ అనలేదు.
మెల్లగా పరుచుకుంది,
ఎండకి వెచ్చబడ్డ రాయిమీద అరచెయ్యి ఆనించినట్టు.
వగరు ఉంది, గోళ్ళు తీయించుకున్న వగరు,
కోపం చల్లారి గడపదాకా వచ్చి
లోపలికి మాత్రం రాకుండా నిలబడ్డ మనిషిలాంటిది.
గొంతు దిగాక కూడా
వెళ్ళొస్తానని చెప్పలేదు.

కొనేవాళ్ళలో ఒకాయన కళ్ళు మూసుకున్నాడు.
ఎండిన ప్లమ్ము, అన్నాడు. పొగాకు, అన్నాడు. గుర్రపు జీను.
ఆమె రాసుకుంటోంది.
“మా తోటకి గుర్రమెప్పుడూ రాలేదే”
అని తమాజ్ నా చెవిలో కంగారుపడ్డాడు.

“మీకేం తెలిసింది?” అని ఆమె నన్నడిగింది.
నేను వెతుక్కునేవి వేరు:
చెర్రీ బెరడు, కొవ్వొత్తి మైనం,
ముందటి ఏళ్ళ పులుపు, మా చేతులు.
ఏదీ దొరకలేదు.
“ఏమీ లేదు” అన్నాను
నాకు చేతనైనంత గట్టిగా మెచ్చుకుంటూ.
ఆమె కలం ఆగిపోయింది.

రొట్టె తుంచి, ముంచి, షియోకి పెట్టారు.
వాడు చాలాసేపు నమిలాడు.
పళ్ళు నీలంగా మారాయి.
“లోపల నేను ఓ అంటే
నాది కాని గొంతు వచ్చింది కదా,
లావుగా, మీసాలున్నట్టు.
ఇదీ అదే” అన్నాడు.

తమాజ్ ఇంకో ముక్క ముంచబోతే
వాళ్ళమ్మ కళ్ళెర్రజేసింది.

నేను వాడి వెనక్కి వెళ్ళి
భుజాలకి జానలు వేశాను.
రెండు జానలు, నాలుగు వేళ్ళు.
బాన మూతి మూడు జానలు.

ఆ రొట్టె చాల్లే, కింద పెట్టరా, అన్నాను.